వేసవి పోయింది పెద్ద హీరో లేక కాదు

2024, 2025 వేసవులు గడిచాక తెలుగు సినిమా వ్యాపారంలో అందరి నోటా ఒకటే మాట. "పెద్ద హీరో సినిమా పడలేదు, అందుకే వేసవి పోయింది." నిర్మాతలు అన్నారు, బయ్యర్లు అన్నారు, ట్రేడ్ విశ్లేషకులు రాశారు, అనంతపురంలో హాలు బయట సైకిల్ స్టాండ్ నడిపేవాళ్లూ అదే అంటున్నారు. మా ప్రాంతం, అంటే ట్రేడ్ భాషలో సీడెడ్ అనే రాయలసీమ, విషయానికి వచ్చేసరికి దానికి ఇంకో ముక్క చేరుతుంది. "సీడెడ్ మాస్ ఏరియా. పెద్ద హీరో, నాలుగు ఫైట్లు ఉంటేనే అక్కడ టికెట్ తెగుతుంది."

ఈ మాటలో బలం లేకపోతే ఇంతమంది అనరు. సింగిల్ స్క్రీన్ హాలులో పదిమంది కూర్చున్నా, ఆరువందల మంది కూర్చున్నా ఏసీ అంతే తిరుగుతుంది, కరెంటు బిల్లు అంతే వస్తుంది, సిబ్బంది జీతాలు అంతే ఇవ్వాలి. చిన్న సినిమా మంగళవారం మ్యాట్నీ వసూలు ఆ ఆట ఖర్చుకే చాలదు. పెద్ద సినిమా మొదటి మూడు రోజులు పడితే నెల గడుస్తుంది. 2017 ఏప్రిల్ 28న వచ్చిన 'బాహుబలి 2', 2018 మార్చి 30న వచ్చిన 'రంగస్థలం' తెచ్చిన జనాన్ని ఎవరూ కాదనలేరు. 2024 మేలో తెలంగాణ సింగిల్ స్క్రీన్ యజమానులు జనం లేక దాదాపు పది రోజులు హాళ్లు మూసేశారు. వాళ్ల కష్టం నిజం. ఆ కష్టానికి వాళ్లు చెబుతున్న కారణం మాత్రం తప్పు. ఏళ్ల తరబడి వేసవికి ముందు చెప్పిన జోస్యాలనూ, వేసవి తరవాత మిగిలిన లెక్కలనూ పక్కపక్కన పెడితే ఆ తప్పు బయటపడుతుంది.

1. హీరో అతనే, ఫలితం వేరు

పెద్ద హీరో ఉంటే జనం వస్తారన్నది ఈ వాదానికి పునాది. దాన్ని పరీక్షించడం తేలిక.

2022 మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. సరిగ్గా 35 రోజులకు, ఏప్రిల్ 29న, 'ఆచార్య' వచ్చింది. రెండింటిలోనూ రామ్ చరణ్ ఉన్నారు. రెండోదానిలో ఆయన పక్కన చిరంజీవి కూడా ఉన్నారు. దర్శకుడు కొరటాల శివ 'మిర్చి', 'శ్రీమంతుడు', 'జనతా గ్యారేజ్', 'భరత్ అనే నేను' వరసగా ఆడించినవారు. విడుదలకు ముందు లెక్కలన్నీ ఈ పేర్ల మీదే కట్టారు. జనం నెలరోజుల కిందట ఏ హీరో కోసం ఎగబడ్డారో అదే హీరో సినిమాకు మొదటి వారంలోనే మొహం చాటేశారు. ఎండలు అవే, హాళ్లు అవే. హీరోయే కారణమైతే ఈ రెండు ఫలితాలూ ఒకేలా ఉండాలి కదా?

మహేశ్ బాబుకు 2016 వేసవిలో 'బ్రహ్మోత్సవం' పోయింది, 2018 వేసవిలో 'భరత్ అనే నేను' ఆడింది. అల్లు అర్జున్‌కు 2016 వేసవిలో 'సరైనోడు' ఆడింది, 2018 వేసవిలో 'నా పేరు సూర్య' పోయింది. హీరో మారలేదు, కాలం మారలేదు. మారింది సినిమా.

వీటన్నిటిలో 2016 వేసవి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆ ఏడాది జోస్యాల్లో రెండు సినిమాలది రాజ్యం. ఏప్రిల్ 8న, ఉగాదికి, పవన్ కల్యాణ్ 'సర్దార్ గబ్బర్‌సింగ్'. మే 20న 'బ్రహ్మోత్సవం'. రెండూ నిలబడలేదు. రెండోదానికి సరిగ్గా వారం ముందు, మే 13న, ఒక తమిళ డబ్బింగ్ సినిమా వచ్చింది. దర్శకుడు శశి, హీరో విజయ్ ఆంటోని. తల్లి ప్రాణం దక్కాలని 48 రోజులు బిచ్చమెత్తే కొడుకు కథ. పేరు 'బిచ్చగాడు'. ఆ పేరున్న పోస్టర్ అంటించడానికే మొహమాటపడే వ్యాపారంలో దాన్ని వేసవి జాబితాలో లెక్కలోకి తీసుకున్నవాళ్లు లేరు. మొదటి రోజు జనం లేరు. చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు, రెండో వారానికి ఆడవాళ్లు కదిలారు. పెద్ద హీరో సినిమా దిగిపోయిన హాళ్లలోకి అది ఎక్కింది, నెలల తరబడి ఆడింది.

"అది మినహాయింపు" అంటారని తెలుసు. మరి 2018? మే 4న 'నా పేరు సూర్య', మే 9న 'మహానటి'. ఎప్పుడో చనిపోయిన నటి కథను ఎండాకాలంలో ఎవరు చూస్తారన్నది అప్పటి సందేహం. కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన ఆ సినిమా వేసవంతా నిలబడింది, ముందొచ్చిన హీరో సినిమా నిలబడలేదు. 2023? ఏప్రిల్ 21న 'విరూపాక్ష', 28న 'ఏజెంట్'. ముందొచ్చింది మధ్యస్థాయి హీరోతో చేతబడి కథ. తరవాత వచ్చింది భారీ బడ్జెట్ యాక్షన్ సినిమా. ఏది ఆడిందో అందరికీ తెలుసు. రెండోదాని నిర్మాత అనిల్ సుంకర, పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా మొదలుపెట్టడం తమ తప్పేనని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి నమస్కారం. నిర్మాతే కథలో లోపముందని చెప్పాక కూడా విశ్లేషకులు జనంలో లోపం వెతకడం ఎందుకు?

మినహాయింపులు ఇలా మళ్లీ మళ్లీ వస్తుంటే, తప్పు సూత్రంలోనే ఉందని ఒప్పుకోవాలి.

2. జోస్యం పేరుతో తిరుగుతున్నది అమ్మకం ధర

ఈ వ్యవహారంలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

"ఈ సినిమా సీడెడ్‌లో ఇన్ని కోట్లు కొడుతుంది" అని విడుదలకు ముందు రాసే అంకె ఎక్కడ పుడుతుంది? అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో నిలబడి జనాన్ని అడిగి తేల్చింది కాదు. ఆ ప్రాంతం హక్కులు బయ్యర్‌కు ఎంతకు అమ్మారో ఆ అంకె. బయ్యర్ 12 కోట్లకు కొన్నాడనుకుందాం. అది "సీడెడ్ బిజినెస్ 12 కోట్లు" అవుతుంది. మరుసటి రోజుకు "బ్రేక్ ఈవెన్ 12 కోట్లు" అవుతుంది. పోస్టరు పడేనాటికి "12 కోట్ల సత్తా ఉన్న సినిమా" అవుతుంది. అమ్మినవాడు అడిగిన ధర మూడు చేతులు మారి జనం కట్టాల్సిన బాకీగా తేలుతుంది. ఆ బాకీ తీరకపోతే జనం రాలేదని అంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకన్నా అతికే చోటు లేదు.

ఈ లెక్కలో ఫలితం కూడా వంకరగానే వస్తుంది. 12 కోట్లకు కొన్న సినిమా 9 కోట్ల షేర్ తెస్తే ఫ్లాప్. 2 కోట్లకు కొన్నది 5 కోట్లు తెస్తే సూపర్ హిట్. మొదటిదాన్ని చూసినవాళ్లే ఎక్కువ. అంటే జనం వచ్చారు, ధర కుదరలేదు. దాన్ని "వేసవిలో జనం రాలేదు" అని రాయడం అబద్ధం. తప్పు ఎవరు చేశారన్నది కూడా ఇక్కడే తారుమారవుతుంది. ఎక్కువకు అమ్మినవాడి పేరు ఎక్కడా రాదు. టికెట్ కొనని రైతు మాత్రం దోషి అవుతాడు.

గ్రాస్‌కీ షేర్‌కీ తేడా చెప్పకుండా దాచడం ఇంకో అన్యాయం. గ్రాస్ అంటే టికెట్లు తెగిన మొత్తం. అందులోంచి జీఎస్టీ పోవాలి. 100 రూపాయల లోపు టికెట్ మీద 2025 సెప్టెంబరు 22 దాకా 12 శాతం ఉండేది, 100 దాటితే 18 శాతం. తరవాత హాలు అద్దె పోవాలి. మిగిలిందే షేర్, బయ్యర్ చేతికి వచ్చేది అదే. పోస్టర్ల మీద వేసేది గ్రాస్, జోస్యం చెప్పేది షేర్ మీద. రెండింటినీ ఒకటిగా చూపి "అంచనాలు దాటింది" అని ప్రకటిస్తే అభిమాని నమ్ముతాడు, కొన్నవాడు అప్పులపాలవుతాడు.

నిజమైన లెక్క ఉండే చోటు వేరే ఉంది. రాత్రి సెకండ్ షో ఇంటర్వెల్ అయ్యాక బుకింగ్ గదిలో మేనేజర్ డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల లెక్క, రాస్తాడు. మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో, నాలుగు వరసలు. తరగతి వారీగా మొదటి టికెట్ నంబరు, చివరి టికెట్ నంబరు, తెగినవి ఎన్ని, గ్రాస్, పన్ను, నెట్. అడుగున డిస్ట్రిబ్యూటర్ తరఫు రిప్రజెంటేటివ్ సంతకం. శుక్రవారం కాగితం హీరో గురించి చెబుతుంది. సోమవారం కాగితం సినిమా గురించి చెబుతుంది. రెండో సోమవారం మ్యాట్నీలో కింది తరగతి నిండిందంటే ఊళ్లోకి మాట పాకిందని అర్థం. పాతకాలపు మేనేజర్లు సినిమా భవిష్యత్తు చెప్పింది ఈ గడులు చూసే. ఇప్పటి విశ్లేషకులు ఆ కాగితం చూడకుండానే కాకిలెక్కలు వేస్తున్నారు.

నష్టపోయిన బయ్యర్ సంగతి? ఆ నిర్మాత తదుపరి సినిమాను కాస్త తగ్గించి ఇస్తామంటారు. అంటే పోయిన వేసవి తప్పుడు అంకె వచ్చే వేసవి అంకెలోకి చేరుతుంది. ఆ సినిమా కూడా పోతే మునిగేది ఎవరు? వడ్డీకి తెచ్చి అడ్వాన్సు కట్టిన చిన్న టౌను హాలువాడు.

3. వేసవిని ఖాళీ చేసింది ఎవరు

పెద్ద సినిమా లేకపోవడమే జబ్బు అంటున్నవాళ్లు, అది ఎందుకు లేదో చెప్పరు. 2024లో 'దేవర' ఏప్రిల్ 5న వస్తానంది, సెప్టెంబరు 27న వచ్చింది. 'కల్కి 2898 ఏడీ' మే 9 అంది, జూన్ 27న వచ్చింది. 2025లో 'హరిహర వీరమల్లు' మార్చి 28 అంది, తరవాత మే 9 అంది, ఆపైన జూన్ 12 అంది, చివరికి జూలై 24న దిగింది.

గ్రాఫిక్స్ పూర్తి కాలేదు, ఎన్నికలు వచ్చాయి, కారణాలు ఉంటాయి. కానీ ఒక పెద్ద సినిమా తేదీ వేసుకుందంటే ఆ తేదీకి ముందొక వారం, తరవాత రెండు వారాలు మిగతావాళ్లు తప్పుకుంటారు. ఆఖరి నిమిషంలో అది వాయిదా పడితే తప్పుకున్నవాళ్లు తిరిగి రాలేరు. ప్రచారానికి వ్యవధి ఉండదు, హాళ్లు కుదరవు. అలా ఖాళీ అయిన వారాలను చూపించి, ఆ ఖాళీకి కారణమైన పద్ధతినే మందుగా రాసిస్తున్నారు.

దొరికిన కొద్దిపాటి సందులో వచ్చిన సినిమాల సంగతీ చూడండి. 2025 మార్చి 14న 'కోర్ట్', మే 9న శ్రీవిష్ణు 'సింగిల్'. రెండూ పెద్ద హీరోలు లేనివే, రెండూ ఆడాయి. అదే మే 9న 35 ఏళ్ల నాటి 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్లీ విడుదలైతే జనం వెళ్లారు. మే 30న 'ఖలేజా' మళ్లీ వచ్చింది. 2010లో ఫ్లాప్ అని ముద్ర వేసిన ఆ సినిమాకు, అదే రోజు కొత్తగా వచ్చిన సినిమా ఉండగానే హాళ్లు నిండాయి. జనం ఇంట్లో కూర్చున్నారని ఎలా అంటారు?

4. సీడెడ్ అన్న ఒక్క అంకె

అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు. పాత నాలుగు జిల్లాలు, 2022 ఏప్రిల్‌లో ఎనిమిదయ్యాయి. ట్రేడ్ లెక్కలో మాత్రం ఒకే గడి, ఒకే అంకె, ఒకే రుచి. తిరుపతిలో యాత్రికులతో నిండే హాలునూ, రాయదుర్గంలో జీన్స్ కుట్టే కార్మికులు వచ్చే హాలునూ, కన్నడం ఇంట్లో మాట్లాడే మడకశిర ప్రేక్షకుడినీ కలిపి "మాస్" అనేశారు.

ఆ ముద్రకు సాక్ష్యంగా చూపేవి ఫ్యాక్షన్ సినిమాలు. 'సమరసింహారెడ్డి' 1999, 'నరసింహనాయుడు' 2001, 'ఆది', 'ఇంద్ర' 2002. ఇవి గుంటూరులో ఆడలేదా? విశాఖలో, వరంగల్‌లో ఆడలేదా? అన్నిచోట్లా ఆడాయి. అన్నిచోట్లా ఆడిన సినిమాలు ఒక్క సీమ రుచికి సాక్ష్యం ఎలా అవుతాయి? మా నెత్తుటిని కథగా అమ్మి, చూసింది మీరే కాబట్టి మీకు నెత్తురే ఇష్టం అనడం మమ్మల్ని అవమానించడం. 'పాతాళ భైరవి', 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి పుట్టింది మా తాడిపత్రిలో. 1951లో ఒకటి, 1957లో ఒకటి, రెండూ మార్చిలో, ఎండాకాలం గడపలోనే విడుదలయ్యాయి. ఆ ఊరివాళ్లకు కత్తి తప్ప కథ ఎక్కదని తీర్పు ఇచ్చే హక్కు ఎవరికుంది?

ఈ ఒక్క అంకెలో ఇంకో మోసం ఉంది. వేసవిలో అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల పల్లెల నుంచి జనం బెంగళూరుకు వలస పోతారు. కదిరి వైపు నుంచి కేరళకు పోయేవాళ్లూ ఉన్నారు. కట్టడం పనిలోనో, సెక్యూరిటీ కొలువులోనో ఉన్న మా కుర్రాడు ఆదివారం బెంగళూరులో తెలుగు సినిమా చూస్తే ఆ టికెట్ కర్ణాటక ఖాతాలో పడుతుంది. "కర్ణాటకలో తెలుగు సినిమా దుమ్ము లేపింది, సీడెడ్‌లో చప్పగా ఉంది" అని రాస్తారు. ఆ రెండు అంకెల్లోనూ ఉన్నది మా మనిషే. ఊళ్లో ఉండి చూడలేకపోయాడు, వలసపోయి చూశాడు. కరవును కొలిచే అంకెను అభిరుచిని కొలిచే అంకెగా చదువుతున్నారు.

5. సెలవులు ఉన్నాయి, దుడ్లు లేవు

వేసవి అంటే సెలవులు, సెలవులంటే కుటుంబాలు, కుటుంబాలంటే టికెట్లు. కృష్ణా డెల్టాలో రెండో పంట డబ్బు చేతికొచ్చే ఇంట్లో ఈ లెక్క కొంత నిజం కావచ్చు. మా దగ్గర కాదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. జూన్, జూలైలో పదును వాన పడితే చెనిక్కాయ విత్తుతారు, అక్టోబరు, నవంబరులో పీకుతారు. చేతిలో నాలుగు దుడ్లు ఆడేది అప్పటినుంచి సంక్రాంతి దాకా. ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండుతుంది, చీనీ చెట్టును బతికించుకోవడానికి ట్యాంకరు నీళ్లు కొంటారు. జూన్‌లో విత్తనం, ఎరువు, బడి ఫీజు ఒక్కసారే మీద పడతాయి. పల్లెల్లో వేసవి ఆదాయమంటే చాలా ఇళ్లకు ఉపాధి హామీ పనే. మట్టి తవ్వి, కొలత వేయించుకుని, ఖాతాలో డబ్బు ఎప్పుడు పడుతుందా అని చూసే రోజులు.

2024–25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఆ జూన్‌లో 'కల్కి'కి రాష్ట్రంలో సింగిల్ స్క్రీన్‌లో టికెట్ మీద 75 రూపాయలు, రెండు వారాల పాటు పెంచుకోవడానికి అనుమతి ఇచ్చారు. నలుగురున్న ఇంటికి పెంపు ఒక్కటే 300. ఎండలో ఒక పూర్తి రోజు మట్టి పని. టికెట్ అసలు ధర, బస్సు ఛార్జీ, పిల్లలకు పాప్‌కార్న్ దాని పైన. 'ఆర్ఆర్ఆర్'కు కూడా మొదటి పది రోజులు 75 రూపాయలే పెంచారు. ఆ సినిమాలు ఆడాయి, కాదనను. కానీ పెంపు ఉన్నన్నాళ్లూ పల్లె కుటుంబం ఆగిపోతుంది. తగ్గాక చూద్దాం అనుకుంటుంది. తగ్గేసరికి చాలా సినిమాలు హాలులో ఉండవు. 'కోర్ట్' మార్చి 14న హాలుకొస్తే ఏప్రిల్ 11కు నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. 'హిట్ 3' మే 1న వస్తే 29కి అక్కడే ఉంది. నాలుగు వారాలు. పెంపు ఉన్న సినిమాకు మొదటి రోజుల్లో ధర అడ్డం, తరవాత హాలులో సినిమా లేదు, ఐదో వారం ఫోన్‌లో ఉంది. ఇలా తలుపు మూసినవాళ్లే "కుటుంబాలు థియేటర్‌కు దూరమయ్యాయి" అని వగచడం చూస్తే కోపం రాకుండా ఎలా ఉంటుంది?

2021 ఏప్రిల్‌లో జీవో 35 పల్లె హాలులో కింది తరగతి టికెట్‌ను 5 రూపాయలకు దించింది. అది హాలును చంపే ధర, నేనూ సమర్థించను. కానీ ఆ మూర్ఖత్వానికి విరుగుడు, కూలిడబ్బు మొత్తం గుంజుకునే పెంపు కాదు.

6. ఐపీఎల్, ఎండ, ఎన్నికలు

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు వీటిని ముందుకు తోస్తారు. ఐపీఎల్ 2008లో మొదలైంది. 'బాహుబలి 2', 'రంగస్థలం', 'మహానటి' అన్నీ ఐపీఎల్ మధ్యే ఆడాయి. ఎన్నికలా? 2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. ఆరు రోజుల ముందు వచ్చిన 'మజిలీ' ఆడింది. వాతావరణమా? 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైన రోజే కోస్తాను పెను తుపాను కొట్టింది. ఊళ్లు నీళ్లలో ఉండగా విడుదలైన సినిమా ఆ దశాబ్దపు పెద్ద విజయాల్లో ఒకటైంది. అనంతపురానికి ఎండ కొత్తదీ కాదు.

ఇక చేయాల్సినవి. హక్కుల ధరను అంచనా అని రాయడం ట్రేడ్ మానుకోవాలి. రాసేవాళ్లు దాన్ని ధర అనే రాయాలి, నెల తరవాత వచ్చిన షేర్‌తో పాటు మళ్లీ అచ్చువేయాలి. వేసవి తేదీ వేసుకున్న పెద్ద సినిమా దాన్ని నెలరోజుల ముందే ఖాయం చేయాలి, చేయలేకపోతే ఆ వారాలను చిన్న సినిమాలకు వదలాలి. కరవు జిల్లాల్లో టికెట్ పెంపుకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా అనుమతే ఇవ్వకూడదు.

హాళ్ల సంగతికి వస్తే, 2025 మేలో ఎగ్జిబిటర్లు అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామని అన్నారు. రాజకీయ దుమారం రేగింది, హాళ్లు మూయలేదు, అడిగినది కూడా అక్కడే ఆగిపోయింది. వాళ్లు అడిగింది న్యాయం. జనం ఎగబడే మొదటి వారం హాలుకు కట్టిన అద్దె మాత్రమే, వసూళ్లు పడిపోయాక పర్సంటేజీ అంటే, పెద్ద సినిమా గెలిచినా హాలు గెలవదు. మొదటి ఆట నుంచి పర్సంటేజీ ఉంటే 'బిచ్చగాడు' లాంటి సినిమాను రెండో వారంలో తీసేయాలన్న తొందర హాలువాడికి ఉండదు, పెద్ద హీరో కోసం ఖాళీ హాలుతో ఎదురుచూడాల్సిన పనీ ఉండదు. నిర్మాతలు దీనికి ఒప్పుకోకపోవడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే. అప్పుడు మొదటి రోజు నుంచీ హాలువాడి వాటా కూడా డీసీఆర్ మీదే తేలుతుంది, పోస్టరు మీద అంకె వేసేముందు దాన్ని చూపించాల్సి వస్తుంది. అందుకే ఆ పద్ధతి వచ్చే వేసవికి ముందుగా సీడెడ్‌లోనే మొదలుకావాలి.